ఆగినంతసేపు

టేపులు అరటిపండు వాసన వేస్తున్నాయి.

ఇమాస్ పెట్టె తలుపు తీసి, లోపలి పెద్ద చక్రాన్ని వేళ్ళ వెనకవైపుతో తాకి చూసింది, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. ఇంకా కాసేపు ఉండాలి. పాత టేపును ఉన్నపళంగా యంత్రం మీద తిప్పితే పైపూత జిగురుగా ఊడి వచ్చేస్తుంది. దాంతో పాటే పాటా ఊడిపోతుంది. అందుకని ముందు సన్నని వేడి మీద దాని తడి లాగాలి. బాండుంగ్‌లో ఈ పని చేసే ఇద్దరు ముగ్గురూ అందుకు వాడేది అరటిపండ్లు ఎండబెట్టే పెట్టెనే. ఎంత తుడిచినా ఆ తీపి వాసన పోదు. దర్మాన్ గారి స్టూడియోలోకి అడుగుపెట్టిన ప్రతివాడూ తినడానికేం చేశారని అడుగుతాడు.

ఈసారి ఆరుతున్నది సపరువా హాలు కచేరీ.

గుమిలార్ పేరు తెలియని గిటారువాడు ఆ ఊళ్ళో ఉండడు. వందల ఏళ్ళ కిందట ఐరోపా చర్చిల్లో పుట్టిన స్వరాల వరసల్ని తీసుకొచ్చి, మనిషెత్తు స్పీకరు పెట్టెల ముందు నిలబడి, మూకుట్లో ఆవాలు చిటపటలాడే వేగంతో వాయించేవాడు. మెటల్ సంగీతం పిచ్చి ఉన్న కుర్రాళ్ళు పాట వినడానికి కాదు, ఆ వేళ్ళను చూడడానికి వచ్చేవాళ్ళు. ఇప్పుడాయన మూడు డిస్కుల సంకలనం వేస్తున్నాడు. రెండింటి నిండా పాత ఆల్బముల్లోంచి ఏరినవి. మూడోది ఇంతవరకూ బయటికి రాని కచేరీ. ఇరవై ఏళ్ళు దాటిన ఆ సపరువా రాత్రి ఆయన వెనక కూర్చుని డ్రమ్స్ వాయించినవాడు ఇమాస్ అన్న యయాత్.

యయాత్ వాయింపు ఇంకెక్కడా లేదు. మొదటి రెండు కేసెట్లకి స్టూడియోలో డ్రమ్ మెషిన్ పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన రెండు లైవ్ ఆల్బముల నాటికి యయాతే లేడు. ఇంట్లో ఫొటోలున్నాయి, ఒక జత కర్రలున్నాయి. చప్పుడు లేదు.

మధ్యాహ్నానికి గుమిలార్ వచ్చాడు. జుట్టు ఇంకా భుజాల దాకా ఉంది గాని పల్చబడింది. కళ్ళజోడు తాడుతో మెడకి వేలాడుతోంది. గిటారు పెట్టెను కుర్చీ మీద కాకుండా నేల మీద, గోడకి ఆనించి పెట్టాడు. ఆ గిటారు మెడ మీద గీతకీ గీతకీ మధ్య కర్రను గిన్నెలా తొలిచి ఉంటుంది, వేలు కర్రకి తగలకుండా తీగ మీదే పరిగెత్తడానికి. దాన్ని తొలిచింది ఇమాస్ వాళ్ళ అరుగు మీదే, ఆయనా యయాతూ చెరో వైపు పట్టుకుని గుండ్రటి ఆకురాయితో. ఆ పొట్టు గాలికెగిరి వాళ్ళమ్మ సురాబి పిండిలో పడింది. "మీ సంగీతం కలిపి అమ్మితే నా అట్లు ఎవడు తింటాడ్రా?" అని ఆవిడ ఇద్దర్నీ అట్లకాడ పట్టుకుని వీధి చివరిదాకా తరిమింది. ఇమాస్ అప్పుడు బడి బట్టల్లో ఉంది. అమ్మను అంబూ అనీ, ఆయన్ను అన్న వరసలో కాంగ్ అనీ పిలవడం అప్పటి అలవాటే, ఇప్పటికీ.

"ఆరిందా నెంగ్?" అన్నాడు గుమిలార్. చెల్లెల్ని పిలిచినట్టు.

"ఆరింది కాంగ్."

టేపు తిరిగింది. ఇమాస్ ఒక్కో మైకులో పడ్డ చప్పుడును ఒక్కో గీతగా కంప్యూటర్ తెర మీదికి ఎక్కించుకుంటోంది. కింద జనం కేకలు, పైన గిటారు, మధ్యలో డ్రమ్స్‌వి అయిదారు గీతలు. మొదటి దెబ్బ పడగానే ఆమె చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. అన్న నడిచి వస్తుంటే అరుగు చెక్క చేసే చప్పుడును గుర్తుపట్టినట్టే గుర్తుపట్టింది. దర్మాన్ గారు ఆమె వైపు చూసి గొంతు పెంచే మీటను కొంచెం పైకి జరిపారు.

చివరి పాట పొడుగైనది. సగంలో డ్రమ్స్ పల్చబడి గిటారు ఒక్కటే మిగిలింది. మిగిలి, దారి తప్పింది. అదే వరసను మళ్ళీ మళ్ళీ ఎక్కింది, మూడోసారి మెట్టు మీంచి జారింది, వేరే చోట తేలింది, ఆ తేలిన చోటునుంచి ఎటు పోవాలో తెలియక అక్కడే గిరికీలు కొట్టింది. గుమిలార్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు.

"ఇది మళ్ళీ వాయిస్తాను," అన్నాడు.

దర్మాన్ గారు నవ్వారు. గుమిలార్ లైవ్ అంటే ఇస్త్రీ చొక్కా అని ఊళ్ళో వాయించేవాళ్ళకి పాత వేళాకోళం. జకార్తాలో తీసిన రెండు లైవ్ ఆల్బముల్లోనూ ఒక్క వేలు జారదు, ఒక్క తీగ తెగదు. కచేరీ అయ్యాక నెల్లాళ్ళు స్టూడియోలో కూర్చుని ముడతలన్నీ సాపు చేసుకుంటాడని అందరికీ తెలుసు. గుమిలార్ నవ్వలేదు. గిటారు తీసి, ఆ పొడుగు చోటులో సగానికి సగం కోసేసి, మిగిలిన దాన్ని కొత్తగా వాయించాడు. యాభై దాటినా ఆ వేళ్ళు ఇంకా పరిగెత్తగలవు. ఒక్కసారికే వచ్చింది.

కాని కొత్తది పెట్టి వింటే, వెనకాల ఎక్కడో గోడ అవతల గదిలో వాయిస్తున్నట్టు పాత గిటారు వినబడుతోంది. ఆ రోజుల్లో సపరువా వేదిక మీద గిటారు పెట్టెల్ని డ్రమ్స్‌కి సరిగ్గా వీపు వెనక పేర్చేవాళ్ళు. గిటారు వాయించిందంతా డ్రమ్స్ మైకుల్లోకి కూడా దూరి కూర్చుంది. గిటారు గీతను చెరిపినంత మాత్రాన తప్పు చెరిగిపోదు. అది యయాత్ దెబ్బల సందుల్లో ఉంది.

"డ్రమ్స్ కూడా తీసెయ్యాలి," అన్నారు దర్మాన్ గారు, ఎవరి మొహమూ చూడకుండా. "మెషిన్ దెబ్బలు పెట్టుకుంటే సరి. ఆ పాట వరకే."

ఇమాస్ లేచి నీళ్ళు తాగి వచ్చింది. ఆ పాట వరకే కాదని ఆమెకి తెలుసు. ఒక పాటలో డ్రమ్స్ కొత్తవైతే మిగతా పాటల్లో పాతవి ముసలివిలా వినబడతాయి. అప్పుడు వాటినీ మారుస్తారు. చొక్కా ఒక చేతికే ఇస్త్రీ చేసి వదిలెయ్యరు.

"కాంగ్, ఆ ఒక్కటీ ఉన్నదున్నట్టు ఉంచరాదా?" అంది.

"వీల్లేదు నెంగ్."

"జారితే ఏం? ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఎవరూ ఏమీ అనుకోరు."

"అట్ట మీద పేరు వాడిదే ఉంటుంది. పెద్ద అక్షరాలతో వేయిస్తాను."

"పేరు మా అన్నది. చేతులు మెషిన్‌వి."

గుమిలార్ మళ్ళీ కళ్ళజోడు తుడిచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

ఆయన వెళ్ళాక దర్మాన్ గారు ఆమె కుర్చీ పక్కకి వచ్చి, చెయ్యలేకపోతే చెప్పమన్నారు, జకార్తాలో తెలిసినవాళ్ళకి పంపుతానన్నారు. ఇమాస్ తల అడ్డంగా ఊపింది. పోయినవాళ్ళకి చివరి స్నానం ఇంటివాళ్ళే చేయిస్తారు. పరాయి చేతికి వదలరు.

*

అంబు తెల్లవారకముందే పొయ్యిలు ముట్టిస్తుంది. అరుగు మీద వరసగా నాలుగు మట్టి పెంకులు, వాటి మీద మట్టి మూతలు. కుడి చేత్తో పిండి పోస్తుంది, ఎడమ చేత్తో మూత ఎత్తుతుంది. కుడి చెయ్యి మూడో పెంకు దగ్గరుంటే ఎడమ చెయ్యి ఒకటో పెంకు దగ్గరుంటుంది. రెండూ ఒకదాన్నొకటి చూసుకోవు. యయాత్ డ్రమ్స్ నేర్చుకుంది ఎవరి దగ్గరని అడిగితే, మా అంబు మూతల దగ్గరని చెప్పేవాడు.

ఇప్పుడామెకి చెవులు బాగా తగ్గాయి. బేరానికొచ్చినవాళ్ళు వేళ్ళతో చూపిస్తారు, ఎన్ని కావాలో, తీపివా, పులిసిన వేరుశనగ చెక్క వేసిన కారపువా అని. ఎదురింటి టీకొట్టు ముసలాయన మాత్రం ఊరికే అరుస్తాడు, "నా అట్టు మాడుస్తున్నావే!" అని. అంబు పెదాలు చూసి అర్థం చేసుకుని, "నీ మొహంకన్నా తెల్లగానే ఉందిలే," అంటుంది.

ఆ సాయంత్రం ఇమాస్ గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అంబు అడిగింది.

"వచ్చాడా?"

టేపులు దొరికాయని తెలిసిన రోజునుంచీ అదే ప్రశ్న, ఊరినుంచి బస్సెక్కినవాడి గురించి అడిగినట్టు. ఇమాస్ ఆమె చెవి దగ్గరికి వంగి, వస్తున్నాడని చెప్పింది.

"వాడేమైనా అన్నాడా, ఆగనివాడు?"

అంబు గుమిలార్ పేరు ఎత్తదు. యయాత్ పోయిన నాటినుంచీ ఆయన ఆమెకి ఆగనివాడే. ఆ రోజు గారుత్‌లో కచేరీ. బృందమంతా వ్యానులో ముందే వెళ్ళిపోయింది. యయాత్ తన మోటారుసైకిలు మీద వెనక బయలుదేరి, నగ్రెగ్ మలుపులో లారీ కింద పడ్డాడు. కాసేపు ఆగి ఉంటే నా కొడుకు వ్యానెక్కేవాడు, అంతే అంబు మాట. స్నానం చేయించిన రోజు గుమిలార్ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. అంబు తలుపు వేసింది. ఆయన తలుపవతల ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ వీధిలోకి రాలేదు.

ఇమాస్ ఆ సాయంత్రం అంబుతో ఇంకేమీ చెప్పలేదు. కొబ్బరి తురుముతూ కూర్చుంది. ఏమని చెప్పాలి, నీ కొడుకు దొరికాడు, నేనే చెరిపేస్తున్నానని చెప్పాలా?

*

పని దెబ్బ దెబ్బగా సాగుతుంది. తెర మీద యయాత్ కొట్టిన ప్రతి దెబ్బా ఒక ముల్లులా నిలబడి ఉంటుంది. ఇమాస్ ఆ ముల్లు మొదట్లో గుర్తు పెట్టాలి. ఆ గుర్తు మీద మెషిన్ దెబ్బ కూర్చుంటుంది. కాలితో తొక్కే పెద్ద డ్రమ్ముకి ఒక గీత, ఎడమ చేతి కింద ఉండే స్నేర్ డ్రమ్ముకి ఒక గీత, కుడి చెయ్యి మోగించే తాళాలకి ఒక గీత. అన్నిటికీ గుర్తులు పెట్టాక పాతవాటి గొంతు నొక్కెయ్యాలి.

ఆమె తొందరపడలేదు. ఒక్కో దెబ్బ విని, గుర్తు పెట్టి, మళ్ళీ వింది. ఇంతకాలం అన్న వాయింపు ఎలా ఉంటుందో తనకి తెలుసనే అనుకుంది. ఇప్పుడు తెలుస్తోంది. ప్రతి పాట మొదట్లోనూ ఒక పిసరు ముందుకి తూగుతాడు, ఆకలితో ఇంటికొస్తున్నవాడిలా. గిటారు పైకెక్కుతున్నప్పుడు తాళాన్ని మెత్తగా కొట్టి దారి ఇస్తాడు. దిగేటప్పుడు కాలితో పట్టుకుంటాడు. ఆ రోజంతా ఆమె అన్నం పొట్లం విప్పలేదు.

మర్నాడు చివరి పాటలోకి వచ్చింది. స్నేర్ దెబ్బలకి గుర్తులు పెడుతూ పోతుంటే ఒకచోట చెయ్యి ఆగింది. అంతవరకూ స్నేర్ దెబ్బా తాళం దెబ్బా ఒకే చోట కలిసి పడుతున్నాయి, రెండు చేతులు కాబట్టి. ఇక్కడినుంచి స్నేర్ పడ్డచోట తాళం లేదు. తాళం పడ్డచోట స్నేర్ లేదు. స్నేర్ దెబ్బ కూడా వేరేగా ఉంది, గట్టిగా, కొంచెం ఆలస్యంగా, ఎక్కడో దూరంనుంచి పరిగెత్తుకొచ్చి కొట్టినట్టు. ఆమె వెనక్కి వెళ్ళి మళ్ళీ వింది. తర్వాత తన రెండు చేతులూ బల్ల మీద పెట్టి కొట్టి చూసింది. ఎడమ చెయ్యి తీసి ఒడిలో పెట్టుకుని, కుడి చెయ్యి ఒక్కదాంతోనే కొట్టింది. తెర మీద ఉన్నది అదే. ఒక్క చెయ్యే రెండు చోట్లకీ తిరుగుతోంది.

ఆ తర్వాత కొద్దిసేపటికి అదీ ఆగిపోయింది, రెండోదాన్ని పిసకడానికి పోయినట్టు. కాలి దెబ్బ ఒక్కటే మిగిలింది. గిటారు ఒంటరిగా తప్పిపోవడం మొదలైంది ఆ క్షణంలోనే.

ఇమాస్ మిగతా గీతలన్నీ మూసేసి తాళాల మైకు ఒక్కటే తెరిచింది. అది యయాత్ మొహానికి దగ్గరగా ఉండే మైకు. గొంతు పెంచింది. వెనక గిటారు, జనం హోరు, కాలి దెబ్బ, ఊపిరి. ఊపిరి బరువుగా ఉంది. ఆ మీదట మాట. ముందు నిలబడ్డ గుమిలార్ వైపు అరిచింది, అంత హోరులో ఆ ఒక్క మనిషికి వినబడేట్టు.

"ఎడమది పోయింది. ఆపకు... నువ్వాపకు!"

తర్వాత కొంచెం తగ్గి, దాదాపు బతిమాలుతున్నట్టు, "ఇంట్లో చెప్పొద్దు."

ఆమె మళ్ళీ వినలేదు. చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. అవి అక్కడ చిన్నగా మోగుతూనే ఉన్నాయి.

*

గుమిలార్ స్టూడియో వెనక మెట్ల మీద కూర్చుని లవంగం సిగరెట్టు కాలుస్తున్నాడు. ఇమాస్ రెండు మెట్లు కింద కూర్చుంది. ఇద్దరూ కాసేపు ఎదురుగా తీగ మీద ఆరేసిన గుడ్డల్ని చూశారు.

"ఎప్పట్నుంచి కాంగ్, ఆ చెయ్యి?"

గుమిలార్ సిగరెట్టును నోటికి తీసుకెళ్ళబోయి దింపాడు. ఆమె ఏ చేతి గురించి అడుగుతోందో అడగలేదు.

"రంజాన్ ముందునుంచి. మొద్దుబారేది, మళ్ళీ వచ్చేది. సాధనలో కర్ర జారితే అరచెయ్యి చెమట పట్టిందనేవాడు. స్టేజి మీద పోవడం అదే మొదలు."

"మీరు వాయిస్తూ ఉండిపోయారు."

"ఏం వాయించానో నాకే తెలీదు నెంగ్. ఏదో ఒకటి. వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే జనానికి తెలిసిపోతుంది. వీపుతో వింటున్నా, ఎప్పుడొస్తాడా అని. కుర్రాళ్ళు ఊళలేశారు. గుమిలార్‌కి వేళ్ళు తడబడ్డాయని వారం రోజులు ఊరంతా చెప్పుకున్నారు. మీ అన్న మా ఇంటికొచ్చి నవ్వాడు, నీ పరువు నేను తీశాను, నా పరువు నువ్వు కాచావు అని. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడు."

ఇమాస్ తన అరచేతుల వైపు చూసుకుంది. తాను అనుకున్నది వేరు. ఆయన తన ముడత సాపు చేసుకోవడానికి అన్నను చెరిపేస్తున్నాడనుకుంది.

"అందుకా తీసెయ్యమన్నది?"

"ఆ చోటు బయటికొస్తే వాయించేవాళ్ళు ఊరుకుంటారా? నువ్వు కనిపెట్టావు కదా, వాళ్ళూ కనిపెడతారు. వాడు దాచుకున్నదాన్ని నేను డిస్కులో పెట్టి పంచనా?" సిగరెట్టు మెట్టుకి నొక్కి ఆర్పాడు. "కొత్తగా విన్నవాళ్ళు ఏమనుకోవాలి? అబ్బ, ఏం కొట్టాడు అనుకోవాలి. అంతే."

"గారుత్ రోజు?" అంది ఇమాస్.

ఆయన తీగ వైపు చూశాడు. అవతల ఎవరో గుడ్డలు తీసుకుంటున్నారు.

"వ్యాను దగ్గర నిలబడ్డాను. వాడే పొమ్మన్నాడు. నరాలు పట్టే ముసలాయన దగ్గర చెయ్యి చూపించుకుని వస్తాను, మీరు వెళ్ళి సామాను దింపండి అన్నాడు. ఆగుతానన్నాను. అందరూ ఆగితే అందరికీ చెప్పాలి, పో అన్నాడు." ఎడమ చేతి వేళ్ళను మడిచి తెరిచాడు, మోటారుసైకిలు క్లచ్చు పట్టుకున్నట్టు. "ఆ చెయ్యే కదా నెంగ్, దీనికి."

"అంబుకి ఒక్క మాట చెప్పి ఉంటే..."

"ఏమని చెప్పను? నేను ఆగాను, నీ కొడుకే పొమ్మన్నాడనా? కొడుకు పోయిన తల్లికి, తప్పు వాడిదేనని చెప్పనా?" ఆయన లేచాడు. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, గోడ పట్టుకున్నాడు. "నువ్వూ మీ అంబూ ఏం చెయ్యమంటే అది చేస్తాను. తియ్యమంటే తీద్దాం. ఉంచమంటే ఉంచుదాం. మాట ఇచ్చింది నేను. విడిపించాలంటే మీరే."

*

ఎండ ఇంకా అరుగు మీద ఉండగానే ఇమాస్ ఇల్లు చేరింది. స్టూడియోలోంచి పాత స్పీకరు పెట్టె ఒకటి రిక్షాలో వేసుకొచ్చింది. అంబు పెంకులు బోర్లించి మసి గీరుతోంది. కూతుర్ని చూసి, పెట్టెను చూసి, చేతులు కట్టుగుడ్డకి తుడుచుకుంది. ఈసారి వచ్చాడా అని అడగలేదు.

ఇమాస్ పెట్టెను గోడకి ఆనించి, అంబును దాని ముందు పీట మీద కూర్చోబెట్టింది. అరచెయ్యి తీసి పెట్టె ముందరి గుడ్డ మీద పెట్టింది. ఆ చర్మం మందంగా, పొయ్యి కాలిన మచ్చలతో ఉంది. తర్వాత పాట వేసింది. ముందు డ్రమ్స్ మాత్రమే.

పెట్టె కదిలింది. అంబు భుజం అదిరింది గాని చెయ్యి తియ్యలేదు. నోరు కొంచెం తెరిచి వింది, కళ్ళు అరుగు అంచు మీద పెట్టి. పాటలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి. ఒకచోట ఆమె తల దానంతటదే ఊగింది. ఒకచోట నవ్వింది, ఏం గుర్తొచ్చిందో. టీకొట్టు ముసలాయన వీధి దాటి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, ఏమీ అనకుండా తిరిగి వెళ్ళిపోయాడు.

చివరి పాట సగానికి వచ్చింది. ఇమాస్ చెప్పదలుచుకోలేదు. ఎలా చెప్పాలో దారంతా ఆలోచించి ఏమీ తేల్చుకోలేకపోయింది. స్నేర్ గట్టిగా, ఆలస్యంగా పడడం మొదలైంది. అంబు కనుబొమలు దగ్గరికొచ్చాయి. రెండో చెయ్యి కూడా పెట్టె మీద ఆనించింది.

"ఒక చేత్తో రెండు పెంకులు చూసుకుంటున్నాడేం?" అంది.

ఇమాస్ పాట ఆపేసింది.

"ఎడమ చెయ్యి ఏదే?"

చెవి దగ్గరికి వంగి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. చెవిటి తల్లికి రహస్యం చెప్పాలంటే అరిచి చెప్పాలి. వీధికి వినబడుతోందని తెలిసీ ఇమాస్ అరిచింది. చెయ్యి మొద్దుబారిందని, ఎవరికీ చెప్పలేదని, మైకులో మాట ఉందని. ఆ మాట ఏమిటని అంబు అడిగింది. ఇమాస్ చెప్పింది.

"ఇంట్లో చెప్పొద్దన్నాడా?"

"ఊఁ."

అంబు గీరుతున్న పెంకుల వైపు చూసింది. నాలుగు పెంకులున్నాయి, మూతలు మూడే పాతవి. నాలుగోది రంగు వేరు.

"ఆ మూత పగలగొట్టాడు కదా," అంది నెమ్మదిగా. "ఎత్తుతూ ఎత్తుతూ వదిలేశాడు. కాళ్ళ మీద పడింది. కళ్ళు నెత్తికెక్కాయా, రాత్రుళ్ళు తాళాలు కొట్టి పొద్దున్న చేతులు పడిపోయాయా అని... అవే మాటలన్నాను. చేతులు పడిపోయాయా అన్నాను." వేలితో ఆ నాలుగో మూతను చూపించింది. "కిందికి వంగి ముక్కలేరుకుంటూ నవ్వాడు. కుడి చేత్తోనే ఏరాడు."

ఇమాస్ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. అంబు దాన్ని పట్టుకోలేదు, తియ్యనూ లేదు. చాలాసేపటికి అడిగింది, ఆ చెయ్యి పోయాక పాట ఎలా అయిందని.

ఇమాస్ ఈసారి గిటారు కూడా తెరిచింది, అప్పుడు వాయించింది వాయించినట్టుగా, తప్పుల్తో సహా. అంబు అరచేతుల కింద పెట్టె మళ్ళీ వణికింది. ఆ సన్నటి చప్పుడు ఆమె చెవులకి అందదు. చేతులకి కూడా గాలిలో దారం కదిలినట్టే తెలుస్తుంది. అయినా పట్టుకుంది.

"ఇదెవరు? ఇంతసేపు?"

"కాంగ్ గుమిలార్, అంబూ. అన్న చెయ్యి తిరిగి వచ్చేదాకా వాయిస్తూ ఉన్నాడు. జనం ఊళలేస్తున్నా ఆపలేదు."

అంబు ఆ పేరు విని మొహం తిప్పుకుంటుందనుకుంది ఇమాస్. తిప్పుకోలేదు. గారుత్ రోజు సంగతి కూడా చెప్పమన్నట్టు, అడగకుండానే, చెవిని ఇంకా దగ్గరికి తెచ్చింది. ఇమాస్ అదీ చెప్పింది, వ్యాను దగ్గర నిలబడ్డాడని, ఆగుతానన్నాడని, అన్నే పొమ్మన్నాడని. చెబుతున్నంతసేపూ అంబు పెదాలు కదుల్తూ ఉన్నాయి. ఇన్నేళ్ళూ తాను తలుపవతలకి విసిరిన మాటల్ని ఒక్కొక్కటీ వెనక్కి తీసుకుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"తలుపు వేశాను," అంది.

ఎండ అరుగు దిగి వీధిలోకి పోయింది. పొయ్యిలో ఒక నిప్పు కణిక చిట్లింది.

"రేపు వాడికి నాలుగు సురాబి పట్టుకెళ్ళు," అంది అంబు. "కారపువి. తీపివి తినడు."

"మరి పాట? తియ్యమంటావా, ఉంచమంటావా? అన్న దాచుకున్నాడు కదా."

"నా నోటికి భయపడి దాచుకున్నాడు. ఇప్పుడేం భయం?" అరచేతులు మళ్ళీ పెట్టె మీద సర్దుకుంది. "ఆ ఆగనివాడు ఆగినంతసేపూ ఉంచు. ఒక్క ముక్క తియ్యొద్దన్నానని చెప్పు. మళ్ళీ వెయ్యి."

ఇమాస్ వెనక్కి తిప్పి వేసింది. రెండు చేతులూ కలిసి పడుతున్న దెబ్బలు. తర్వాత ఒక్క చెయ్యి. తర్వాత అదీ లేదు. కాలు ఒక్కటే, నెమ్మదిగా, గుండెలా. దాని మీద గిటారు ఎక్కింది, జారింది, తప్పిపోయింది, మళ్ళీ అక్కడికే వచ్చింది. జనం ఊళలేశారు. అది జారిన ప్రతిసారీ అంబు వేళ్ళు గుడ్డను గట్టిగా పట్టుకున్నాయి, పడబోతున్నవాణ్ణి పట్టుకున్నట్టు. ఆమె కళ్ళు మూసుకుంది. ఇమాస్ కూడా ఊపిరి బిగబట్టింది, ఏం వస్తుందో తెలిసీ.

ఎడమ చేతి దెబ్బ పడింది. చాలా చిన్నది. ఆ తర్వాత ఇంకోటి.

"వచ్చాడు," అంది అంబు.

పాట ముగిసింది. చప్పట్లు అయ్యాయి, ఎవరో వేదిక మీద సామాను జరిపారు, ఆ తర్వాత టేపులో ఉత్త గాలి ఒక్కటే మిగిలింది. అంబు చేతులు పెట్టె మీదే ఉన్నాయి.

"అయిపోయిందంబూ," అంది ఇమాస్, చెవి దగ్గరికి వంగి.

"తెలుసు," అంది అంబు. "కాసేపు ఆగనీ."